బరువు తగ్గడం, మనసు కుదురుగా ఉంచుకోవడం: యువతీయువకులు తరచుగా అడిగే ప్రశ్నలు

చదువు కోసం హాస్టల్‌కు, ఆ తర్వాత ఉద్యోగం కోసం నగరానికి చేరే పద్దెనిమిది నుంచి ముప్పై ఏళ్ల మధ్య వయసులోనే చాలామందికి బరువు పెరుగుతుంది. నిద్ర చెడేదీ, ఒంటరితనం మొదలయ్యేదీ, అద్దం ముందు తనను తాను తిట్టుకోవడం అలవాటయ్యేదీ ఆ వయసులోనే. అందువల్ల ఇక్కడ బరువును, మనసును విడదీయకుండా జవాబులిచ్చాము. బరువు తగ్గించే పద్ధతి ఏదైనా మనసును కుంగదీస్తుంటే, తూకం ఎంత చూపించినా అది సరైన పద్ధతి కాదన్నది మా నిశ్చితాభిప్రాయం.

నా బరువు నిజంగా ఎక్కువో కాదో ఎలా తెలుస్తుంది?

కిలోల్లో ఉన్న బరువును, మీటర్లలో ఉన్న ఎత్తు వర్గంతో (ఎత్తును ఎత్తుతోనే గుణిస్తే వచ్చేదానితో) భాగిస్తే వచ్చే సంఖ్యను బీఎంఐ అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సాధారణ లెక్క ప్రకారం 25 నుంచి అధిక బరువు, 30 నుంచి ఊబకాయం. అయితే భారతీయుల్లో అంతకన్నా తక్కువ బరువుకే పొట్ట చుట్టూ కొవ్వు చేరి మధుమేహం, రక్తపోటు వంటివి వస్తున్నందున మన వైద్యులు 23 నుంచి అధిక బరువుగా, 25 నుంచి ఊబకాయంగా పరిగణిస్తారు. 165 సెంటీమీటర్ల ఎత్తున్నవారికి 23 అంటే సుమారు 62.5 కిలోలు, 25 అంటే 68 కిలోలు. దీంతోపాటు నడుము చుట్టుకొలత కూడా చూడాలి. మగవారిలో 90 సెంటీమీటర్లు, ఆడవారిలో 80 సెంటీమీటర్లు దాటితే బీఎంఐ మామూలుగా ఉన్నా ఒకసారి వైద్యుణ్ణి కలవడం మంచిది.

2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్లవారిలో బీఎంఐ 25 లేదా అంతకుమించి ఉన్నవారు ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీలలో 36.3 శాతం, పురుషులలో 31.1 శాతం; తెలంగాణలో స్త్రీలలో 30.1 శాతం, పురుషులలో 32.3 శాతం. ఇంతమందికి ఎదురవుతున్న సమస్యను ఒక్కొక్కరి సోమరితనంగా చూడడం న్యాయం కాదు. మరోవైపు, ఈ ప్రశ్న అడిగేవారిలో బీఎంఐ 20, 21 ఉన్నవారూ కనిపిస్తారు. వారికి తగ్గించుకోవలసిన బరువంటూ లేదు. తగ్గాలన్న ఆలోచన ఎక్కడి నుంచి వచ్చిందో చూసుకోవలసిన అవసరం మాత్రం ఉంది.

నెలకు ఎన్ని కిలోలు తగ్గడం సబబు?

హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ వారానికి అరకిలో చొప్పున తగ్గడం సురక్షితమని చెబుతుంది. బరువు తగ్గడానికి తినే ఆహారం రోజుకు 1,000 క్యాలరీలకు తగ్గకూడదని కూడా హెచ్చరిస్తుంది. ఆ వెయ్యి అనేది దాటి కిందికి దిగకూడని హద్దు మాత్రమే. వైద్యుల పర్యవేక్షణ లేకుండా ఆ దరిదాపులకు వెళ్లవలసిన అవసరం ఎవరికీ లేదు.

కొత్త పద్ధతి మొదలుపెట్టిన మొదటి వారంలో రెండు మూడు కిలోలు పడిపోతే సంబరపడేవారు చాలామంది. అందులో ఎక్కువ భాగం నీరే. శరీరంలో నిల్వ ఉన్న పిండిపదార్థం ఖర్చవుతున్నప్పుడు దానితో కలిసి ఉన్న నీరు బయటికి పోతుంది, మళ్లీ మామూలుగా తినగానే తిరిగి చేరుతుంది. మరీ వేగంగా తగ్గినవారిలో కండరాలు క్షీణించడం, పిత్తాశయంలో రాళ్లు ఏర్పడడం, రెండు మూడు నెలల తర్వాత జుట్టు విపరీతంగా రాలడం కనిపిస్తాయి. అధిక బరువున్నవారు ఉన్న బరువులో 5 నుంచి 10 శాతం తగ్గినా రక్తపోటు, రక్తంలో చక్కెర మెరుగుపడతాయి. 80 కిలోలున్న వ్యక్తికి అది 4 నుంచి 8 కిలోలు మాత్రమే.

తిండి తగ్గించినప్పటి నుంచి చికాకు, దిగులు పెరిగాయి. అది నా బలహీనతా?

కాదు. ఇది ఎనభై ఏళ్ల కిందటే పరిశోధనలో స్పష్టంగా కనిపించిన విషయం. రెండో ప్రపంచ యుద్ధం చివరి రోజుల్లో, 1944-45లో, అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త ఆకలి ప్రభావాన్ని తెలుసుకోవడానికి 36 మంది యువకులను ఎంచుకున్నాడు. వారందరూ శారీరకంగా, మానసికంగా ఆరోగ్యవంతులని పరీక్షించాకే తీసుకున్నారు. మొదట రోజుకు 3,200 క్యాలరీలు తిన్న ఆ యువకులకు ఆరు నెలలపాటు దానిలో సగం, అంటే సుమారు 1,570 క్యాలరీలు మాత్రమే ఇచ్చి, వారానికి 22 మైళ్లు నడిపించారు. వారి బరువు దాదాపు నాలుగో వంతు తగ్గింది.

బరువుతోపాటు మనుషులే మారిపోయారు. ఉల్లాసంగా ఉండేవారు కుంగిపోయారు, చిన్న మాటకే కోపం తెచ్చుకున్నారు, స్నేహితులకు దూరమయ్యారు. వంటల పుస్తకాలు చదువుతూ, తిండి గురించే మాట్లాడుకుంటూ, ఇచ్చిన కాస్త ఆహారాన్ని గంటల తరబడి సాగదీసుకుంటూ, చివరికి కంచాలు నాకేంతవరకు వెళ్లారు. తిరిగి కడుపునిండా భోజనం పెట్టాక కూడా కొందరికి నెలల తరబడి ఆకలి అదుపులోకి రాలేదు.

నేడు ఆన్‌లైన్‌లో ప్రచారంలో ఉన్న అనేక డైట్ చార్టులు ఆ యువకులకు ఇచ్చినదానికన్నా తక్కువ ఆహారాన్ని సూచిస్తున్నాయి. కాబట్టి తక్కువ తిని చదువుపై ధ్యాస నిలవకపోయినా, రాత్రిళ్లు బిర్యానీ వీడియోలు చూస్తూ గడిపినా మీకు సంకల్పబలం లేదని అర్థం కాదు, మెదడు ఆకలిని గుర్తించి తన పని తాను చేస్తోందని అర్థం. అటువంటప్పుడు ఇంకా పట్టుదల పెంచడం కన్నా, రోజుకు మూడు నాలుగు వందల క్యాలరీల ఆహారాన్ని తిరిగి కలుపుకొని, కాస్త నెమ్మదిగా తగ్గడానికి సిద్ధపడడమే మంచిది.

అన్నం పూర్తిగా మానేయాలా?

అవసరం లేదు. మన కంచంలో ఇబ్బంది అంతా పాళ్లలోనే ఉంది. నాలుగు వంతుల అన్నానికి ఒక వంతు పప్పు, రెండు చెంచాల కూర, పైన పచ్చడి అన్నది చాలా ఇళ్లలో, దాదాపు అన్ని మెస్సుల్లో కనిపించే పద్ధతి. జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన మార్గదర్శకాల ప్రకారం రోజు మొత్తం క్యాలరీల్లో ధాన్యాల నుంచి వచ్చేది 45 శాతం మించకూడదు. 2,000 క్యాలరీల ఆహారంలో బియ్యం, గోధుమ, చిరుధాన్యాలు అన్నీ కలిపి సుమారు 250 గ్రాములు, పప్పుధాన్యాలు 85 గ్రాములు, కూరగాయలు 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు, పాలు లేదా పెరుగు 300 మిల్లీలీటర్లు, నూనె 27 గ్రాములు ఉండాలని అది సూచిస్తుంది. మాంసాహారులు పప్పులో కొంత భాగానికి బదులు గుడ్లు, చేపలు, కోడిమాంసం తీసుకోవచ్చు.

ఆచరణలో ఇలా చేసి చూడండి. ముందు కంచంలో సగం మేర బెండకాయ, దొండకాయ, సొరకాయ వంటి ఏదో ఒక కూర వడ్డించుకొని, తర్వాత గట్టి పప్పు, ఆ తర్వాతే అన్నం పెట్టుకోవాలి. పప్పు, కూర కలుపుకొన్నాక పెరుగులోకి కొంచెం అన్నం విడిగా ఉంచుకుంటే రెండోసారి వడ్డించుకోవలసిన పని ఉండదు. 100 గ్రాముల అన్నంలో ఉండేవి దాదాపు 130 క్యాలరీలే. ఒక్క టీస్పూను నూనెలో 45 ఉంటాయి. అన్నం మానేశామని చెప్పుకుంటూ నూనె తేలే వేపుడు, ఆవకాయ నూనె కలిపిన రొట్టె తినేవారికి బరువు ఎందుకు తగ్గదో దీన్నిబట్టి తెలుస్తుంది. జొన్నరొట్టె, రాగిసంకటి మంచి ఆహారమే, వాటిలో పీచు ఎక్కువ. కానీ వాటిలోనూ క్యాలరీలు బియ్యంతో దాదాపు సమానమే కాబట్టి, అవి ఎంత తిన్నా పరవాలేదన్న నమ్మకం సరికాదు.

హాస్టల్‌లో, పీజీలో ఉంటున్నాను. వంట నా చేతిలో లేదు. ఏం చేయగలను?

మెస్సులో వండేది మార్చలేకపోయినా చేర్చుకోగలిగినవి కొన్ని ఉన్నాయి. హాస్టల్ తిండిలో అన్నిటికన్నా లోపించేది ప్రొటీన్. శరీర బరువులో ప్రతి కిలోకు రోజుకు కనీసం 0.83 గ్రాములు అవసరం కాగా, నీళ్లలాంటి సాంబారుతో అది సమకూరదు. ఒక గుడ్డులో దాదాపు 6 గ్రాములు ఉంటుంది. రాత్రి నానబెట్టిన శనగలు, పెసలు, వేయించిన పల్లీలు, పుట్నాలు, విడిగా కొనుక్కునే పెరుగు గదిలో ఉంచుకోవడానికి వీలైనవే. ఉదయం పూరీ, వడ ఉన్న రోజున ఒకటి తగ్గించి ఉడికించిన గుడ్డు తినడం, ఇడ్లీ ఉన్న రోజున చట్నీ, సాంబారు బాగా వేసుకోవడం వంటి చిన్న మార్పులే ఎక్కువ కాలం నిలుస్తాయి.

సాయంత్రం అయిదు, ఆరు గంటల వేళ అసలు పరీక్ష. మధ్యాహ్నం సరిగా తినకపోతే ఆ సమయానికి పునుగుల బండి, సమోసా, క్రీమ్ బిస్కెట్లు తప్ప ఇంకేమీ కంటికి కనిపించవు. ఆ వేళకు ఒక జామపండో, గుప్పెడు ఉడికించిన శనగలో, గ్లాసు మజ్జిగో సిద్ధంగా ఉంచుకోండి. వారంలో ఒక రోజు స్నేహితులతో కలిసి మిరపకాయ బజ్జీలు తినడం తప్పేమీ కాదు. పైగా ఆ కబుర్లు మనసుకు అవసరం కూడా.

టీ విషయంలో ఒక మాట. ఆఫీసులో, కాలేజీ క్యాంటీన్‌లో రోజుకు అయిదారు టీలు తాగేవారికి తెలియకుండానే పది చెంచాల చక్కెర లోపలికి పోతుంది. రెండు టీలకు పరిమితమైతే చాలు.

నిద్రకూ బరువుకూ సంబంధం ఏమిటి?

చాలా ఉంది. నిద్ర తక్కువైతే ఆకలిని పెంచే గ్రెలిన్ అనే హార్మోను పెరిగి, కడుపు నిండిందని తెలిపే లెప్టిన్ తగ్గుతుంది. 2010లో షికాగో పరిశోధకులు ప్రచురించిన ఒక చిన్న అధ్యయనంలో, ఒకే రకమైన ఆహారం తింటున్న పదిమంది అధిక బరువున్నవారిని రెండు వారాలు ఎనిమిదిన్నర గంటలు, మరో రెండు వారాలు అయిదున్నర గంటలు పడక మీద ఉండనిచ్చి చూశారు. తగ్గిన బరువు రెండుసార్లూ ఇంచుమించు ఒకటే. కానీ నిద్ర తగ్గినప్పుడు కొవ్వు సగానికన్నా తక్కువగా కరిగింది, కండరం ఎక్కువగా పోయింది.

అమెరికా వేళలకు పనిచేసే సాఫ్ట్‌వేర్, కాల్ సెంటర్ ఉద్యోగులకు ఇది మరీ ముఖ్యం. షిఫ్ట్ మార్చుకోలేనివారు కనీసం పడుకునే వేళను సెలవు రోజుల్లో కూడా మరీ మార్చకుండా, గదికి మందపాటి పరదాలు వేసుకొని, షిఫ్ట్ రెండో సగంలో కాఫీ మానేసి, తెల్లవారుజామున భారీ భోజనానికి బదులు తేలికగా తినడం మంచిది. ఇంత చేసినా నెలల తరబడి నిద్ర పట్టకపోతే, డైట్ సంగతి పక్కనబెట్టి ముందు నిద్ర గురించి వైద్యుణ్ణి కలవండి.

ఒత్తిడిగా ఉన్నప్పుడు ఆకలి లేకపోయినా తినేస్తాను. ఎలా ఆపాలి?

బ్యాక్‌లాగ్ ఫలితాలు వచ్చిన రాత్రి, మేనేజరు కసిరిన రోజు, ప్రేమ విఫలమైన వారం, ఇంటిమీద బెంగ పుట్టిన ఆదివారం రాత్రి ఫోనులో ఆర్డరు పెట్టడం చాలామందికి జరిగేదే. తిండి ఆ క్షణానికి నిజంగానే ఊరట ఇస్తుంది, ఆ సంగతిని ఒప్పుకోకుండా ఇచ్చే సలహా ఏదీ పనిచేయదు. ఊరట ఇచ్చే దారి అదొక్కటే అయిపోయినప్పుడు మాత్రమే చిక్కు.

మొదటి పనిగా ఒక వారం పాటు చిన్న పుస్తకంలో ఏం తిన్నారో, ఎన్ని గంటలకు, అప్పుడు మనసు ఎలా ఉందో రాయండి. క్యాలరీలు రాయవద్దు. వారం చివర చూస్తే దాదాపు అందరికీ ఒక తీరు కనిపిస్తుంది. ఉదాహరణకు, పగలు టిఫిన్ మానేసిన రోజుల్లోనే రాత్రి పదకొండుకు ఆర్డర్లు ఉంటాయి, లేదా ఎవరితోనూ మాట్లాడని రోజుల్లోనే బిస్కెట్ ప్యాకెట్ పూర్తవుతుంది. మొదటిదానికి మందు టిఫిన్ తినడం, రెండోదానికి మందు మాట్లాడే మనిషి.

తినాలనిపించిన వెంటనే పది నిమిషాలు ఆగి మెట్లు దిగి వీధి చివరిదాకా నడిచి రావడం, అమ్మకో స్నేహితుడికో ఫోను చేయడం, స్నానం చేయడం వంటివి ప్రయత్నించండి. పది నిమిషాల తర్వాత కూడా తినాలనిపిస్తే ప్లేటులో పెట్టుకొని, కూర్చొని, రుచి చూస్తూ తినండి. తిన్నాక మరుసటి రోజు పస్తుండి లెక్క సరిచేయాలనుకోవద్దు. ఆ పస్తే ఆ రాత్రి మళ్లీ అతిగా తినడానికి దారి తీస్తుంది.

రోజూ బరువు చూసుకోవాలా?

ఉప్పు, నీరు, మలబద్ధకం, నెలసరి వల్ల ఒక్క రోజులో కిలో, రెండు కిలోలు అటూ ఇటూ కావడం మామూలే. వారానికి ఒకసారి, ఒకే రోజున, ఉదయం పరగడుపున చూసుకుంటే చాలు. తూకం చూపిన సంఖ్యను బట్టి ఆ రోజంతా మీ మనసు నిర్ణయమవుతుంటే కొన్నాళ్లు యంత్రాన్ని కంటికి కనపడకుండా పెట్టి, నడుము కొలతను నెలకు ఒకసారి మాత్రమే చూడండి.

వ్యాయామం ఎంత చేయాలి?

పెద్దవారికి వారానికి 150 నుంచి 300 నిమిషాలు వేగంగా నడవడం వంటి మధ్యస్థ వ్యాయామం, రెండు రోజులు కండరాలకు బలాన్నిచ్చే వ్యాయామం అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. తిండి మార్చకుండా కేవలం వ్యాయామంతో తగ్గే బరువు తక్కువే. కానీ తగ్గిన బరువు తిరిగి రాకుండా ఉండడానికి, దిగులు, ఆందోళన తగ్గడానికి వ్యాయామం చేసే మేలు పెద్దది. ఆ మేలు మొదటి వారాల్లోనే అనుభవంలోకి వస్తుంది. అందుకే నచ్చినదాన్నే ఎంచుకోండి: షటిల్ కావచ్చు, యోగా కావచ్చు, ట్యాంక్‌బండ్ మీదో ఆర్కే బీచ్‌లోనో నడక కావచ్చు. నిన్న తిన్న బిర్యానీకి శిక్షగా పరుగెత్తేవారు కొన్ని వారాల్లోనే దాన్ని ద్వేషించడం మొదలుపెడతారు.

ఇంటికి వెళ్తే చాలు, “ఎంత లావయ్యావు” అంటారు. ఏం చెప్పాలి?

పెళ్లిలో, పండక్కి వెళ్లినప్పుడు, సంబంధాలు చూస్తున్న రోజుల్లో ఈ మాట తప్పదు. ప్రేమతో అన్నా, ఎత్తిపొడుపుగా అన్నా ఫలితం ఒకటే. బరువు గురించి హేళనకు గురైనవారు మరింత తింటారనీ, వ్యాయామానికి వెనకాడతారనీ పరిశోధనలు చూపుతున్నాయి. “పెద్దమ్మా, నా ఆరోగ్యం సంగతి డాక్టరుగారితో మాట్లాడుతున్నాను. మీరు ఇక ఆ మాట తీయకండి, వేరే కబుర్లు చెప్పండి” అని నెమ్మదిగా, కానీ గట్టిగా చెప్పవచ్చు. అది అమర్యాద కాదు. అమ్మానాన్నలకైతే ముందే ఏకాంతంలో చెప్పి, నలుగురిలో ఆ ప్రస్తావన వచ్చినప్పుడు మాట మార్చమని కోరండి.

తల్లిదండ్రులకు మా విన్నపం ఒకటే. పెళ్లిచూపుల తేదీని బరువు తగ్గడానికి గడువుగా పెట్టకండి. ఆ గడువు కోసం పస్తులుండి రక్తహీనత తెచ్చుకునే అమ్మాయిలు ఉన్నారు. మన రెండు రాష్ట్రాల్లోనూ 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో సగానికి పైగా ఇప్పటికే రక్తహీనతతో ఉన్నారు.

డిప్రెషన్ వల్ల బరువు పెరుగుతుందా, బరువు వల్ల డిప్రెషన్ వస్తుందా?

రెండూ జరుగుతాయి. 2010లో వెలువడిన ఒక పెద్ద విశ్లేషణలో ఊబకాయం ఉన్నవారికి తర్వాతి కాలంలో డిప్రెషన్ వచ్చే అవకాశం 55 శాతం, డిప్రెషన్ ఉన్నవారికి ఊబకాయం వచ్చే అవకాశం 58 శాతం ఎక్కువని తేలింది. అందువల్ల రెండు వారాలకు మించి దిగులు, దేనిమీదా ఆసక్తి లేకపోవడం, నిద్రలో మార్పు ఉంటే, బరువు తగ్గాక మనసు అదే బాగుపడుతుందని వేచి ఉండకండి.

థైరాయిడ్ లోపం, ఆడవారిలో హార్మోన్ల తేడాతో వచ్చే పీసీఓఎస్ అనే అండాశయ సమస్య కూడా బరువును, మనసును రెండింటినీ దెబ్బతీస్తాయి కాబట్టి వైద్యుడు సూచిస్తే పరీక్షలు చేయించుకోండి. ఒలాంజపిన్, మిర్టాజపిన్, వాల్‌ప్రోయేట్ వంటి కొన్ని మానసిక చికిత్సా మందులు ఆకలిని పెంచుతాయి. అలాగని సొంతంగా ఆపేయడం ప్రమాదకరం. బరువు పెరుగుతోందని మీ సైకియాట్రిస్టుకు చెబితే మందు మార్చడానికి, మోతాదు సవరించడానికి దారులున్నాయి.

డైటింగ్ జబ్బుగా మారుతోందని ఎలా గుర్తించాలి?

తిన్నాక కావాలని వాంతి చేసుకోవడం, విరేచనాల మాత్రలు వాడడం, ఎవరూ చూడకుండా తినడం, వారానికి ఒకసారైనా ఆపుకోలేనంతగా తినేసి తర్వాత సిగ్గుతో కుమిలిపోవడం, స్నేహితులతో భోజనానికి వెళ్లకుండా సాకులు వెతకడం, నెలసరి ఆగిపోవడం, కళ్లు తిరిగి పడిపోవడం డైటింగ్ జబ్బుగా మారుతోందనడానికి గుర్తులు. మన దగ్గర ఇంకొకటి సులువుగా మరుగున పడుతుంది: సోమవారం, శనివారం, ఏకాదశి అంటూ ఉపవాసాలు పెరుగుతూ పోతుంటే ఇంట్లోవారు భక్తి అనుకుంటారు. ఉపవాసం ముగిశాక హాయిగా తినగలుగుతున్నారా, తినడానికి భయపడుతున్నారా అన్నదాన్ని గమనించాలి. తిండికి సంబంధించిన ఈ జబ్బులు మగపిల్లల్లోనూ వస్తాయి. జిమ్‌కు వెళ్లే అబ్బాయిల్లో కండలు రాలేదన్న బెంగగా మొదలై ఎవరి దృష్టికీ రాకుండా ముదురుతాయి. పదేపదే వాంతులు చేసుకుంటే రక్తంలో పొటాషియం పడిపోయి గుండె లయ తప్పవచ్చు కాబట్టి ఆలస్యం చేయకూడదు.

బరువు తగ్గించే ఇంజెక్షన్లు, పొడులు వాడవచ్చా?

టిర్జెపటైడ్, సెమాగ్లుటైడ్ ఇంజెక్షన్లు 2025లో బరువు తగ్గించే చికిత్సగా మన దేశంలో విడుదలయ్యాయి. ఊబకాయం ఉన్నవారికి, దానివల్ల జబ్బులున్నవారికి అవి నిజంగా ఉపయోగపడతాయి. అయితే వికారం, వాంతులు, కండరాల నష్టం ఉండవచ్చు, ఆపేస్తే బరువు చాలావరకు తిరిగి వస్తుంది. పెళ్లి ఫొటోల కోసం అయిదు కిలోలు తగ్గాలనుకునేవారికి అవి తగవు. ఆన్‌లైన్‌లో అమ్మే “మూలికా” పొడులను మాత్రం అసలు నమ్మవద్దు. గుండెపోటు, పక్షవాతం ముప్పు వల్ల 2011లో మన దేశంలో నిషేధించిన సిబుట్రమిన్ అనే మందు అటువంటి ఉత్పత్తుల్లో దొంగచాటుగా కలిసి దొరికిన సందర్భాలు ప్రపంచమంతటా ఉన్నాయి.

సాయం కోసం ఎవరిని సంప్రదించాలి?

బరువు విషయంలో ముందుగా ఎంబీబీఎస్ లేదా జనరల్ ఫిజీషియన్‌ను, ఆ తర్వాత అర్హత ఉన్న డైటీషియన్‌ను కలవండి. మనసు విషయంలో కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలి మానస్ నంబరు 14416కు ఫోను చేయవచ్చు. రాత్రీ పగలూ ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు. చనిపోవాలన్న ఆలోచనలు వస్తుంటే ఇంకేమీ ఆలోచించకుండా ఆ నంబరుకు చేయండి, లేదా నమ్మకమైన మనిషిని తోడు తీసుకొని దగ్గరి ఆసుపత్రికి వెళ్లండి. ప్రభుత్వ రంగంలో హైదరాబాద్ ఎర్రగడ్డలోని మానసిక చికిత్సాలయం, విశాఖపట్నంలోని ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉన్నాయి. ప్రభుత్వ బోధనాసుపత్రుల్లో సైకియాట్రీ ఓపీలు నడుస్తాయి. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం శారీరక జబ్బులకు ఇచ్చే బీమా సదుపాయాన్నే మానసిక జబ్బులకూ ఇవ్వాలి కాబట్టి, ఉద్యోగులు కంపెనీ ఇచ్చిన పాలసీలో ఆ వివరం అడిగి తెలుసుకోండి.